స్వెప్ట్ కట్: గాడి దారి తప్పితే

ప్రశ్న: సాలిడ్‌వర్క్స్‌లో (యంత్రభాగాల 3డి డిజైన్ సాఫ్ట్‌వేర్) 60 మి.మీ. వ్యాసం, 100 మి.మీ. పొడవున్న షాఫ్ట్ మీద 20 పిచ్‌తో (చుట్టుకి 20 మి.మీ. ముందుకి జరిగేలా) ఆయిల్ గ్రూవ్ (నూనె గాడి) వేస్తున్నాం. కట్టర్ 6 మి.మీ. బాల్‌నోస్ (గుండ్రటి కొస ఉన్నది), కావలసిన లోతు 2. స్వెప్ట్ కట్‌లో (ఒక ఆకారాన్ని, అంటే ప్రొఫైల్‌ని, ఒక గీత, అంటే పాత్ వెంట నడిపి తీసే కోత) లోతు 3 వస్తోంది. పైగా రెండు చివర్లా గాడి బయటికి తెరుచుకోకుండా గోడ కట్టినట్టు ఆగిపోతోంది. ఎలా? – పీణ్య, బెంగళూరు

జవాబు: దీనికి ప్రొఫైల్ స్కెచ్ గీయనక్కర్లేదు. 2016 వెర్షన్ నుంచి ఉన్న ‘సర్క్యులర్ ప్రొఫైల్’ ఎంచుకుని వ్యాసం 6 ఇస్తే చాలు. కిటుకంతా హెలిక్స్ (గాడి నడిచే మరచుట్టు గీత) వ్యాసంలో ఉంది. మీరు దాన్ని షాఫ్ట్ ఒంటి మీదే, అంటే 60కే వేసి ఉంటారు. అప్పుడు వృత్తంలో సగం లోపలికి దిగి లోతు 3 అవుతుంది. హెలిక్స్ 62 వ్యాసంతో వేయండి. 31 లోంచి 3 తీస్తే 28, షాఫ్ట్ వ్యాసార్ధం 30, లోతు సరిగ్గా 2. ఇలా చేస్తే గాడి పైవెడల్పు 6 ఉండదు, దాదాపు 5.66 వస్తుంది. డ్రాయింగ్‌లో అలవాటుకొద్దీ 6 అని రాస్తే ఇన్‌స్పెక్షన్‌లో జాబ్ వెనక్కి వస్తుంది.

చివర్ల సంగతి: హెలిక్స్ షాఫ్ట్ ఫేస్ (చివరి ముఖం) దగ్గరే మొదలైతే కోత కూడా అక్కడే సగం వృత్తంతో మొదలవుతుంది. ఫేస్‌కి 5 మి.మీ. బయట ఒక ప్లేన్ (ఊహా తలం) వేసి హెలిక్స్ వృత్తాన్ని అక్కడ గీయండి. ఎత్తు 110, చుట్లు ఐదున్నర. రెండు వైపులా కట్టర్ గాలిలోంచి వచ్చి గాలిలోకి పోతుంది. ఒకవేళ గాడి షాఫ్ట్ మధ్యలోనే ఆగాలంటే, ఆ కొసన 6 మి.మీ. గోళాన్ని రివాల్వ్డ్ కట్‌తో (ఆకారాన్ని అక్షం చుట్టూ తిప్పి తీసే కోత) విడిగా తీయాలి. స్వీప్ అక్కడ చదునైన గోడే మిగులుస్తుంది, బాల్‌నోస్ అలా మిగల్చదు.

ప్రశ్న: వంపు తిరిగిన కవర్ మీద 3.53 మందం ఓ-రింగ్‌కి (లీకు ఆపే రబ్బరు రింగు) 4.5 వెడల్పు గాడి కావాలి. మూలల్లో రేడియస్ 2 ఇచ్చాం, కట్ ఫెయిలవుతోంది. – బొమ్మసంద్ర, బెంగళూరు

జవాబు: గాడి సగం వెడల్పు 2.25. పాత్ రేడియస్ అంతకన్నా తక్కువ కాబట్టి మలుపులో లోపలి గోడ తన మీద తానే మడత పడుతుంది. 2.5 ఇస్తే సాఫ్ట్‌వేర్ ఊరుకుంటుంది, రింగ్ ఊరుకోదు. మూలలో లోపలి రేడియస్ రింగ్ మందానికి కనీసం మూడు రెట్లు, అంటే 10.6 ఉండాలి. సెంటర్‌లైన్‌కి 13 పెట్టండి. పాత్ ముందు గీసి, ప్రొఫైల్‌ని నేరు గీత మీద పెట్టి, దాని బిందువుకి పాత్‌తో కోఇన్సిడెంట్ (బిందువు గీత మీద ఉండటం) కాక పియర్స్ (పాత్ ప్రొఫైల్ తలాన్ని పొడుచుకెళ్ళే చోటే బిందువు ఉండటం) రిలేషన్ ఇవ్వండి. కవర్ చదునుగా ఉంటే మాత్రం స్వీప్ జోలికే పోవద్దు. గీతని ఆఫ్‌సెట్ చేసి ఎక్స్‌ట్రూడెడ్ కట్ (ఆకారాన్ని తిన్నగా లోపలికి దించే కోత) ఇస్తే పని అయిపోతుంది.

ప్రశ్న: 80 మి.మీ. వ్యాసం డ్రమ్ క్యామ్‌కి (ఒంటి మీది గాడిలో రోలర్‌ని నడిపించే స్థూపం) 6 లోతు గాడి. 10×6 దీర్ఘచతురస్రంతో స్వీప్ చేశాం. అసెంబ్లీలో రోలర్‌ని తిప్పితే గోడల్లోకి చొచ్చుకుపోతున్నట్టు ఇంటర్‌ఫరెన్స్ చూపిస్తోంది. – అంబత్తూరు, చెన్నై

జవాబు: ప్రొఫైల్ స్వీప్ ఒక అడ్డుకోతని ఈడ్చుకుపోతుందే గానీ కట్టర్‌లా కోయదు. డ్రమ్ పైన చుట్టుకొలత 251.3, గాడి అడుగున వ్యాసం 68 కాబట్టి 213.6. అదే ఎత్తుని అడుగున తక్కువ దూరంలో ఎక్కాలి, అంచేత అక్కడ వాలు ఎక్కువ. దీర్ఘచతురస్రం పాత్ ఉన్నచోటి వాలునే పట్టుకుని అడుగుదాకా తిన్నగా దిగుతుంది. స్థూపాకారపు రోలర్‌కి కావలసిన గోడ అది కాదు. వాలు మారేచోట ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

స్వెప్ట్ కట్‌లోనే ‘సాలిడ్ ప్రొఫైల్’ (గీసిన ఆకారానికి బదులు ఘనాన్నే పాత్ వెంట నడపడం) వాడండి. డ్రమ్ అక్షం వైపు చూసే స్థూపాన్ని (ఇదే టూల్ బాడీ) ఎక్స్‌ట్రూడ్ చేసి ‘మెర్జ్ రిజల్ట్’ టిక్ తీసేయండి. అది మరిచిపోతే టూల్ డ్రమ్‌లో కలిసిపోతుంది, ఎంచుకోవడానికి విడి బాడీ ఉండదు. టూల్‌కి ఎక్కడా లోపలికి నొక్కుకుపోయిన ఆకారం ఉండకూడదు. పాత్ టూల్ మీద గానీ లోపల గానీ మొదలవ్వాలి, మధ్యలో ఎక్కడా పదునైన మలుపు రాకూడదు. కోత అయ్యాక డ్రమ్‌ని నాలుగు చోట్ల సెక్షన్ వ్యూలో (అడ్డంగా కోసి చూపే దృశ్యం) చూడండి. గాడి అక్షం వైపు కాక పక్కకి ఒరిగి ఉంటే, డ్రమ్ మీది అంచునే పాత్‌గా తీసుకుని ట్విస్ట్‌లో ‘ట్యాంజెంట్ టు అడ్జసెంట్ ఫేసెస్’ ప్రయత్నించండి.

టూల్ బాడీ వ్యాసం రోలర్ కొలత కాదు, గాడి కొలత. రోలర్‌కి ఇవ్వదలచిన ఆట దానికి కలపండి. మెషిన్ షాపుకి ఫైల్ పంపేటప్పుడు సెంటర్ పాత్ కర్వ్‌ని హైడ్ చేయకండి. ఫోర్త్ యాక్సిస్ (జాబ్‌ని తిప్పుతూ కోసే నాలుగో అక్షం) ప్రోగ్రామ్ రాసేవాళ్ళు ముందు అడిగేది గోడల్ని కాదు, దాన్నే.