అమ్మ పుట్టిల్లు కంటే నీ ప్రాణం ముందు

అనంతపురం నుంచి 24 ఏళ్ల అమ్మాయి రాసింది. చీరల షాపులో బిల్లింగ్ చేస్తుంది. మేనమామ కొడుకు తననే చేసుకోవాలని పట్టు పట్టాడు, ఈమె వద్దంది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం షాపు ఎదురుగా బండి మీద కూర్చుంటున్నాడు. ‘ఇంకొకడిని చేసుకుంటే ముఖం మీద యాసిడ్ పోస్తా’ అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. ‘నంబరు మార్చేసి, ఉద్యోగం మానేసి బెంగళూరు వెళ్లిపోనా?’ అని అడుగుతోంది.

తల్లీ, బెంగళూరు సంగతి తర్వాత. నువ్వెక్కిన బస్సే వాడికీ దొరుకుతుంది. నంబరు మాత్రం మార్చకు, ఒక్క మెసేజ్ కూడా డిలీట్ చేయకు. నీ దగ్గరున్న సాక్ష్యం అదే.

నీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది వాడి మాట కంటే మీ అమ్మ మాట. ఆ మెసేజ్ చూపిస్తే, రొట్టె తట్టే చెయ్యి ఆపకుండా ‘మీ నాన్నకు చూపించలేదు కదా?’ అందని రాశావు. కేసు పెడితే తనకు పుట్టిల్లు ఉండదని ఏడ్చిందట. పైగా నువ్వు షాపు నుంచి ఎన్ని గంటలకు బయల్దేరతావో వాడు ఫోన్ చేసి అడిగితే చెప్పిందట! అన్న ఇంటి చీర, పసుపుకుంకుమల మీద ఆడదానికి ఎంత ఆశ ఉంటుందో నాకు తెలుసు. అయినా కూతురి ముఖాన్ని పణంగా పెట్టి నిలుపుకునే పుట్టిల్లు ఎందుకు? అత్త ఎలాగూ నోరు మెదపదన్న నమ్మకమే వాడికి అంత ధైర్యం ఇస్తోంది.

అందుకే ఈ రాత్రే నాన్నకు చెప్పు. అమ్మ ఎదుటే చెప్పు. ఆయన కొడవలి తీస్తాడని నీ భయం. మన సీమలో అది ఉత్త భయమేమీ కాదు. కాబట్టి మెసేజ్ చూపించే ముందే మాట తీసుకో, మనవాళ్లెవరూ మామ ఊరికి పోకూడదు, పోతే స్టేషన్‌కే పోవాలని. పెద్దమనుషుల పంచాయితీకి అస్సలు ఒప్పుకోకు. ‘పెళ్లయితే వాడే మారతాడు’ అని నీ మెడే వంచుతారు.

వాడికి ఒక్కసారి ‘నాకు ఇష్టం లేదు, నా వెంట పడొద్దు’ అని మెసేజ్ పెట్టి ఆపెయ్. తిట్టినా, ఏడ్చినా, చచ్చిపోతానన్నా జవాబివ్వకు. ‘ఆఖరిసారి మాట్లాడుకుందాం’ అంటే అసలు వెళ్లకు. అలా పిలిచి దాడి చేసిన సంగతులు మనం వినలేదా?

భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం వద్దన్నా వెంటపడటం నేరం, మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు. చంపుతాననో, యాసిడ్ పోస్తాననో బెదిరిస్తే 351 కింద ఏడేళ్ల దాకా పడుతుంది. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్, అంటే పరిధితో పనిలేకుండా తీసుకునే ఫిర్యాదు, రాయించుకోవచ్చు. ‘మా పరిధి కాదు’ అంటే లేచి రావద్దు. లాయరు ఖర్చుకు భయపడకు, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆడవాళ్లకు ఉచితంగానే లాయర్ని పెడుతుంది. 15100కి ఫోన్ చెయ్.

వాడు కనిపించిన తేదీ, టైము, బండి నంబరు ఒక నోటుబుక్కులో రాసిపెట్టు. ఫోన్‌లో ఆపదలో పోలీసులను పిలిచే శక్తి యాప్ వేసుకో. వెంటపడితే సందుల్లోకి పోకు, జనమున్న షాపులోకి దూరి 112కి కొట్టు.

రేపు షాపు ఓనర్‌కు వాడి ఫోటో చూపించు. షట్టర్ దించే వేళకు నాన్ననే రమ్మను. ఏ టైముకు వస్తున్నావో అమ్మకు చెప్పకు, తను వాళ్లన్న ఇంటికి ఫోన్ చేసి ‘నా కూతురి జోలికి రావద్దు’ అని నీ ముందే చెప్పేదాకా.