హనుమకొండ నుంచి డల్లాస్‌కి ఎన్ని గంటలు?

వీసా చేతికి రాగానే మన వరంగల్ పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఇదే. హైదరాబాద్ నుంచి డల్లాస్ దగ్గరి దారిలో 14,400 కిలోమీటర్లు. అంత దూరం ఎక్కడా ఆగకుండా నేరుగా వచ్చే విమానం లేదు. దుబాయ్ మీదుగా వస్తే ముందు 2,550, తర్వాత 12,900, అంటే దాదాపు వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ. మొదటి విమానం నాలుగు గంటలు, రెండోది పదహారు.

దుబాయ్ నుంచి వచ్చే రెండో విమానంలో, సీటు ముందు తెర మీద విమానం పడమటికి కాకుండా ఉత్తరానికి పోతున్నట్టు కనిపిస్తే కంగారు పడొద్దు. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పున, డల్లాస్ 97 డిగ్రీల పడమరన ఉన్నాయి. రెండూ భూగోళానికి దాదాపు చెరోవైపు, కాబట్టి దగ్గరి దారి ఉత్తర ధ్రువం వైపు నుంచే పడుతుంది. దుబాయ్ నుంచి వచ్చినా అంతే.

ఇక గడియారం. ఆగస్టులో శంషాబాద్‌లో తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కి, దుబాయ్‌లో మూడున్నర గంటలు ఆగి వస్తే, డల్లాస్‌లో అదే రోజు సాయంత్రం 5 గంటలకు దిగుతారు. టికెట్ చూసి పదమూడు గంటలే అనుకునేవాళ్లున్నారు. ఇక్కడి ఎండాకాలంలో డల్లాస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక, కాబట్టి అసలు ప్రయాణం ఇరవై మూడున్నర గంటలు. నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా ఆ తేడా పదకొండున్నర. అమ్మానాన్నలకు ఈ లెక్క కాగితం మీద రాసిచ్చి రండి. మీరు దిగేసరికి మన ఊళ్లో తెల్లవారుజామున మూడున్నర అవుతుంది. అప్పటిదాకా ఫోన్ రాదని తెలిస్తే కాస్త నిద్రపోతారు.

ఇంకొకటి, దయచేసి శ్రద్ధగా చదవండి. టికెట్ మీద 15వ తేదీ ఉదయం 4 గంటలు అని ఉంటే మీరు ఇల్లు కదలాల్సింది 14వ తేదీ రాత్రి. మూడు గంటల ముందు, అంటే ఒంటిగంటకు ఎయిర్‌పోర్టులో ఉండాలి. జనగామ, ఆలేరు, భువనగిరి దాటి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ చేరడానికి మూడు నుంచి మూడున్నర గంటలు. తొమ్మిదికే కారు కదిలితే మంచిది. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర జరిగే రోజుల్లో ఈ రోడ్డును అస్సలు నమ్మొద్దు, ముందురోజే హైదరాబాద్‌లో చుట్టాలింటికి చేరుకోండి. ఇటు డల్లాస్‌లో ఇమిగ్రేషన్, సామాను కలిపి ఇంకో రెండు గంటలు. మొత్తం మీద ఇంటి గడప నుంచి ఇక్కడ బయటికొచ్చే దాకా ముప్పై రెండు గంటలు దాటుతుంది.

పదివేలు మిగులుతాయని రెండు వేర్వేరు టికెట్లు మాత్రం కొనొద్దు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే మిమ్మల్ని పట్టించుకునే బాధ్యత ఎవరికీ ఉండదు. ఒకే టికెట్ మీద, మధ్యలో మూడు నాలుగు గంటల వ్యవధి ఉండేలా తీసుకోండి. న్యూయార్క్‌లోనో షికాగోలోనో దిగి మారే టికెట్ అయితే ఇమిగ్రేషన్ అక్కడే, సామాను కూడా అక్కడ తీసుకుని మళ్లీ అప్పగించాలి. కొత్తగా వచ్చేవాళ్లకు నేరుగా డల్లాస్‌లో దిగేదే నయం. పాస్‌పోర్టు, ఐ-20 (విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) చేతి సంచిలోనే ఉండాలి. సకినాలు ఎన్నైనా తెచ్చుకోండి కానీ మాంసం పచ్చళ్లు, పచ్చి కరివేపాకు వద్దు, కస్టమ్స్‌లో తీసేస్తారు.