ప్లాంటర్స్ కంపెనీని స్థాపించింది వేరుశనగ రైతులేనా?

కాదు, వేయించిన వేరుశనగపప్పుకు అమెరికాలో పేరుపొందిన ప్లాంటర్స్ కంపెనీని 1906లో పెన్సిల్వేనియాలోని విల్క్స్-బారే పట్టణంలో స్థాపించినవారు అమెడియో ఒబీచి, మారియో పెరుజ్జి అనే ఇటలీ వలసదారులు. ఒబీచి అంతకుముందు పండ్లూ పల్లీలూ అమ్ముకున్న చిరువ్యాపారి.

అప్పట్లో బళ్లమీద విడిగా, పొట్టుతో అమ్ముడయ్యే చౌక తినుబండారాన్ని, పొట్టు తీసి, ఉప్పు పట్టించి, కంపెనీ పేరున్న చిన్న సంచుల్లో అందించడం వల్ల, ఎక్కడ కొన్నా అదే రుచి దొరుకుతుందన్న నమ్మకం జనంలో కుదిరింది. ఆ నమ్మకానికి ఒక ముఖం కూడా ఉంది: 1916లో కంపెనీ నిర్వహించిన పోటీకి ఒక బడిపిల్లవాడు కాళ్లూ చేతులూ ఉన్న వేరుశనగ కాయ బొమ్మ పంపగా, తరువాత ఒక చిత్రకారుడు దానికి పొడవాటి టోపీ, ఒంటికంటి అద్దం చేర్చాడు, అదే నేటి మిస్టర్ పీనట్.

ప్లాంటర్స్ అంటే తోటల యజమానులు కాబట్టి ఇది రైతుల సంస్థ అని చాలామంది పొరబడతారు. నిజానికి రైతులతో దాని సంబంధం కొనుగోలుదారుగానే. 1913లో వర్జీనియాలోని సఫోక్‌లో, అంటే పంట పండే చోటనే, కర్మాగారం పెట్టింది అందుకే. జార్జ్ వాషింగ్టన్ కార్వర్ స్థాపించారనడమూ సరికాదు. ఆయన అలబామాలోని టస్కెగీలో పనిచేసిన, వేరుశనగపై పరిశోధనలకు పేరుపొందిన వ్యవసాయ శాస్త్రవేత్త.