ఐదు రంగులు ఏరితే ప్యాలెట్ అయిపోదమ్మా

ప్రశ్న: మాది చీరాల. ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నా, బీడెస్ (డిజైన్ డిగ్రీ)లో టెక్స్‌టైల్ డిజైన్ చేయాలని ఉంది. ఐలీన్ ఏగర్ అనే సర్రియలిస్ట్ (కలల్లాంటి వింత కళ) ఆర్టిస్ట్ కొల్లాజ్‌లు, అంటే రకరకాల ముక్కలు అతికించి చేసిన బొమ్మలు బాగా నచ్చి, ఫోన్ యాప్‌తో ఒక్కోదాంట్లోంచి ఐదేసి రంగులు తీసి ప్యాలెట్లు (కలిపి వాడే రంగుల వరసలు) చేశాను. అన్నీ బురదబురదగా ఒకేలా వచ్చాయి. నాన్నేమో రంగులు ఏరడం కూడా ఒక ఉద్యోగమేనా అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ పడకు తల్లీ, నువ్వు ఎంచుకున్న మనిషి సరైన మనిషే, రంగులు తీసిన పద్ధతిలోనే పొరపాటుంది. ఏగర్ రంగులు ట్యూబులోంచి మాత్రమే వచ్చినవి కావు, చేతికి దొరికిన వస్తువుల్లోంచి కూడా వచ్చాయి. 1936లో ఆవిడ చేసిన టోపీ ఒకటుంది, బూయబేస్ అనే ఫ్రెంచి చేపల పులుసు తినేటప్పుడు పెట్టుకునే ఉత్సవపు టోపీ అని దానికి పేరు, ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. బెండు బుట్టకి పసుపు, నీలం వేసి, దాని మీద వల ముక్క, పగడం, గవ్వలు, నక్షత్ర చేప అమర్చింది. పసుపు, నీలం పరుచుకుని ఉంటే పగడం ఎంతని, కాస్తంతే, అయినా కన్ను ముందు దాని దగ్గరికే పోతుంది. నీ యాప్ ఏం చేసిందంటే, ఆ కాస్త పగడానికీ బుట్టంత పసుపుకీ ఒకే సైజు గడి ఇచ్చింది, గరుకు, మెరుపు, నీడ అన్నీ ఎత్తేసింది. ఇక బురద కాక ఏమొస్తుంది? టేట్ మ్యూజియంలో ఉన్న 'ఏంజెల్ ఆఫ్ అనార్కీ' కూడా అంతే, ప్లాస్టర్ తలకి బట్టలు, గవ్వలు, పూసలు, మెరుపు రాళ్ళు చుట్టి కళ్ళకు గంతలు కట్టింది, అందులో పట్టు మెరుపునీ గవ్వ తెలుపునీ ఒక కోడ్ నంబరుగా రాయలేవు.

ఈసారి ఫోన్ పక్కన పెట్టు. మీకు సముద్రం దగ్గరే కదా, గవ్వలు, వల పోగులు, ఎండిన ఆకు, మందుబిళ్ళల రేకు, జాకెట్టు ముక్కలు, ఏది దొరికితే అది తెచ్చి అట్ట మీద నీ సొంత కొల్లాజ్ అతికించు (ఏగర్‌ది కాపీ కొట్టకు, ఆవిడ అలవాటు మాత్రం తీసుకో). తర్వాత ఒక్కో వస్తువు రంగునీ పోస్టర్ కలర్‌తో కలిపి చిన్న చీటీ మీద వేసి, ఆరాక ఆ వస్తువు పక్కనే పెట్టి చూడు, తడి మీద చూస్తే మోసపోతావు. కుదిరేదాకా కలుపుతూనే ఉండు, ఒక్క ఇసుక రంగుకే సాయంత్రం పట్టొచ్చు, పట్టనీ. ఆ పైన గ్రాఫ్ కాగితం మీద నూరు గడులు తీసుకుని, అట్ట మీద ఏది ఎంత ఉందో అన్ని గడులు నింపు. ఇసుకకి అరవై, నీలానికి ముప్ఫై ఏడు, ఎరుపుకి మూడు అలా వచ్చిందనుకో, అదీ ప్యాలెట్ అంటే. ఆ మూడు గడుల ఎరుపు వేలితో మూసి చూడు, మిగతాదంతా ఎలా చప్పబడిపోతుందో నీకే తెలుస్తుంది.

ఉద్యోగం సంగతికొస్తే, ఉంది. మిల్లుల్లో, ఎక్స్‌పోర్ట్ కంపెనీల్లో ఒకే డిజైన్‌ని నాలుగైదు కలర్‌వేల్లో, అంటే వేర్వేరు రంగుల కలయికల్లో చేసేవాళ్ళు, డైయింగ్ యూనిట్ పంపిన ల్యాబ్ డిప్‌ని (రంగు అద్దిన నమూనా గుడ్డని) అసలు శాంపిల్‌తో పోల్చి ఓకే చెప్పేవాళ్ళు, కార్లకీ ఫోన్లకీ రంగు, మెటీరియల్, ఫినిష్ నిర్ణయించే సీఎంఎఫ్ డిజైనర్లు, వీళ్ళందరి బతుకుతెరువు ఇదే. మొదట్లో మాత్రం కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరో వేసిన డిజైన్‌కి రంగులు మార్చడమే ఎక్కువ ఉంటుంది, అది తెలిసే రా.

నిఫ్ట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ) బీడెస్‌కి ఇంటర్‌లో ఏ గ్రూపైనా చాలు, నాలుగేళ్ళ కోర్సు, హైదరాబాద్‌లో క్యాంపస్ ఉంది. వాళ్ళ సిచ్యుయేషన్ టెస్ట్‌లో అక్కడిచ్చిన మెటీరియల్‌తో అక్కడికక్కడే మోడల్ చేయాలి, కాబట్టి పైన చెప్పిన సాధన నేరుగా పనికొస్తుంది. ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) మెయిన్స్‌లోనూ స్టూడియో టెస్ట్ ఉంటుంది. ఎంపీసీ వదిలేయకు, పరీక్షలయ్యేదాకా ఆదివారాలు మాత్రమే దీనికి ఇవ్వు.

నాన్నగారితో వాదన పెట్టుకోకు. నువ్వు వేసిన రంగు చీటీలు, వాటి పక్కన పెట్టిన అసలు గుడ్డ ముక్కలు ముందు ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద చూపించి, తర్వాత మేడ మీదికి తీసుకెళ్ళి ఎండలో చూపించు. లోపల సరిగ్గా కలిసిన జతల్లో ఒకటో రెండో బయట తేడాగా కనిపించొచ్చు, డైయింగ్ యూనిట్లలో రకరకాల లైట్లున్న పెట్టెలో పెట్టి పరీక్షించేది దీని కోసమే. ఏ జత మారిందో ఆయన్నే కనిపెట్టమను.