లక్సెంబర్గ్ కోట యుద్ధంలో కూలిపోయిందా?

లేదు, 1867 లండన్ ఒప్పందం ప్రకారం కావాలనే కూల్చేశారు. ఈ కోట ఉన్న చిన్న యూరప్ దేశం లక్సెంబర్గ్ కోసం ఫ్రాన్స్, ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) కొట్టుకునేదాకా వచ్చాయి. చివరికి దేశాన్ని తటస్థంగా ప్రకటించి, కోటలో ఉన్న ప్రష్యా సైన్యం వెళ్లిపోవాలని, కోట ఉండకూడదని తేల్చారు. కూల్చడానికే దాదాపు 16 ఏళ్లు పట్టిందంటే ఎంత గట్టిదో! అయితే కోట కింద కొండను తొలిచిన సొరంగాలను పూర్తిగా పేల్చేస్తే పైనున్న నగరానికే ముప్పు. అందుకే సుమారు 17 కిలోమీటర్లు మిగిలాయి. ఉదాహరణకు, 1644లో స్పెయిన్ పాలనలో మొదలైన బాక్ అనే రాతి గుట్టలోని సొరంగాలు. ఫిరంగుల కోసం రాతిలో తొలిచిన కంతల్లోంచి ఇప్పుడు టూరిస్టులు ఆల్జెట్ నది లోయను చూస్తారు. రెండో ప్రపంచయుద్ధం బాంబులకు కూడా కోట పోలేదు. అప్పటికే గోడలు చాలావరకు లేవు. పైగా ఆ యుద్ధంలో జనం తలదాచుకున్నది ఈ సొరంగాల్లోనే.