టెక్ సందేహాలు: కరెక్ట్‌గా రాసినా క్విజ్‌లో సున్నా ఎందుకు పడుతోంది?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు భాషలు నేర్పేవాళ్లవే. మిగతావాళ్లు వచ్చే వారం దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: జర్మనీలో ఉద్యోగాలకు సిద్ధమవుతున్న నర్సులకు జర్మన్ నేర్పుతున్నాను. ఆన్‌లైన్ ఫారంలో ఖాళీలు పూరించే క్విజ్ పెడితే, సరిగ్గా రాసినవాళ్లకీ సున్నా పడుతోంది. చివరికి అన్నీ నేనే దిద్దుకుంటున్నాను. మంచి సాఫ్ట్‌వేర్ ఉంటే చెప్పండి. – ఒక టీచర్, హైదరాబాద్

సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత. మీరు పంపిన క్విజ్‌లో మూడో ప్రశ్న చూడండి: 'ఇష్ హాబె ___ హుండ్'. మీ జవాబుల కీలో ఉన్నది 'ఐనెన్', అంటే నాకో కుక్క ఉందని. కుక్క లేదనుకున్న అమ్మాయి 'కైనెన్' రాస్తుంది. 'మైనెన్' (నా), 'డేన్' (ఆ) కూడా అక్కడ ఇమిడిపోతాయి. వీటిలో ఏదీ వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. అలాంటప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఏం చేస్తుంది? కీలో ఉన్న అక్షరాలతో పోల్చి చూస్తుంది, అంతే. అదే ప్రశ్నను 'ఇష్ హాబె ఐనె కాట్సె, ఆబర్ ___ హుండ్' అని మార్చండి. పిల్లి ఉంది కానీ కుక్క... అనగానే 'కైనెన్' తప్ప ఇంకేదీ కుదరదు.

ఏడో ప్రశ్నది ఇంకో చిక్కు. 'ఇష్ ఫారె మిట్ ___ బుస్' (నేను బస్సులో వెళ్తాను) అన్నచోట 'డేమ్' రావాలి. అది రాయాలంటే రెండు విషయాలు తెలియాలి: బస్సు పుంలింగమని, 'మిట్' తర్వాత డేటివ్ విభక్తి వస్తుందని. విద్యార్థి తప్పు రాస్తే ఈ రెండింట్లో ఏది రాలేదో మీకెలా తెలుస్తుంది? మీరు పరీక్షించేది విభక్తినైతే, లింగం మీరే ఇచ్చేయండి. ఖాళీ పక్కన బ్రాకెట్లో పుంలింగం తెలిపే 'డేర్'తో 'డేర్ బుస్' అని రాస్తే చాలు.

ఇక సాఫ్ట్‌వేర్. హెచ్5పి అనే క్విజ్ తయారీ సాధనంలో 'ఫిల్ ఇన్ ది బ్లాంక్స్' అని ఒక రకం ఉంది. వాక్యం టైప్ చేసి జవాబుకు అటూ ఇటూ నక్షత్రం గుర్తు పెడితే అది ఖాళీ అవుతుంది. రెండు జవాబులు ఒప్పుకోవాలంటే మధ్యలో స్లాష్ గీత, హింట్ ఇవ్వాలంటే కోలన్. ఆన్‌లైన్ కోర్సులు నడిపే మూడ్ల్, వర్డ్‌ప్రెస్ సైట్లలో పనిచేస్తుంది. సైట్ లేకపోతే లూమి అనే ఉచిత డెస్క్‌టాప్ యాప్‌లో తయారుచేసుకోవచ్చు.

అందులో ఒక సెట్టింగ్‌తో మాత్రం జాగ్రత్త. చిన్న స్పెల్లింగ్ తప్పులను క్షమించే టిక్ ఒకటుంది. మూడు నుంచి తొమ్మిది అక్షరాల మాటలో ఒక తప్పును అది వదిలేస్తుంది. వినడానికి దయగానే ఉంది. కానీ 'డేన్'కీ 'డేమ్'కీ జర్మన్‌లో తేడా సరిగ్గా ఒక్క అక్షరమే! ఆర్టికల్స్ క్విజ్‌లో ఆ టిక్ పెట్టారో, క్లాసు మొత్తానికీ నూటికి నూరు మార్కులే. పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ తేడా చూసే సెట్టింగ్‌ను మాత్రం ఉంచండి. జర్మన్‌లో నామవాచకం పెద్దక్షరంతో మొదలవ్వాలి కదా.

మీ నర్సులకు పడ్డ సున్నాల్లో కొన్ని ఫోన్ కీబోర్డు పుణ్యం కూడా కావచ్చు. మొదటి అక్షరాన్ని తనంతట తనే పెద్దది చేస్తుంది, సజెషన్ నొక్కితే మాట చివర ఒక స్పేస్ వదులుతుంది. జర్మన్‌లో చుక్కలున్న 'యు' (ü) దొరక్క కొందరు 'యు' పక్కన 'ఇ' కలిపి రాస్తారు. జర్మన్లకీ ఆ అలవాటు ఉంది కాబట్టి దాన్ని స్లాష్ పెట్టి కీలో చేర్చండి. చుక్కలు వదిలేసిన స్పెల్లింగ్‌ను మాత్రం ఒప్పుకోకండి, చాలాచోట్ల అది వేరే మాట అయిపోతుంది.

ప్రశ్న: పాఠం పేస్ట్ చేస్తే ప్రతి ఐదో మాటా తీసేసి పేపర్ తయారుచేసే టూల్ ఉందా? – ఫ్రెంచ్ లెక్చరర్, విజయవాడ

చాలా ఉన్నాయి. కానీ 'క్లోజ్' అనే ఈ పద్ధతి దేనికోసం పుట్టిందో గమనించండి. 1953లో విల్సన్ టేలర్ దీన్ని తెచ్చింది ఒక వ్యాసం చదవడానికి ఎంత సులువో కొలవడానికి. భాష నేర్చుకునేవాళ్లకు పరీక్షగా వాడకం తర్వాత వచ్చింది. లెక్కపెట్టి తీసేస్తే ఒకచోట ఊరి పేరు పోతుంది, ఇంకోచోట తేదీ పోతుంది. అవి ఎంత ఫ్రెంచ్ వచ్చినవాడికైనా దొరకవు.

మొత్తం స్థాయిని అంచనా వేయడమే మీ పనైతే సి-టెస్ట్ నయం. 1981లో జర్మనీలో మొదలైంది. మొదటి వాక్యాన్ని ముట్టుకోరు, ఆ తర్వాత ప్రతి రెండో మాటలో రెండో సగం తీసేస్తారు. మాట మొదలు కళ్ల ముందే ఉంటుంది కాబట్టి ఊహాగానాలు తగ్గుతాయి. విదేశీ విద్యార్థుల జర్మన్ స్థాయి చూసే ఆన్‌సెట్ పరీక్ష ఇదే పద్ధతి: ఎనిమిది చిన్న పాఠాలు, ఒక్కోదానిలో 20 ఖాళీలు. ఈ వారం నేర్పిన కాలాలో, ప్రిపొజిషన్లో వచ్చాయా లేదా చూడాలంటే మాత్రం ఏ టూలూ వద్దు, ఖాళీలు చేత్తో ఎంచుకోండి.

ప్రశ్న: ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో క్లోజ్ (ఖాళీలు పూరించే) కార్డులన్నీ కరెక్టే చెబుతున్నాను, మాట్లాడాలంటే ఒక్కటీ గుర్తు రాదు. – విద్యార్థి, వరంగల్

మొదటి రెండు మాటలు చూడగానే మీకు కార్డు గుర్తొస్తోంది, వాక్యం చదవడం లేదు. ఒకే నియమానికి నాలుగైదు పొట్టి వాక్యాలు పెట్టండి. కార్డు టెంప్లేట్‌లో 'టైప్' చేర్చి జవాబు రాయాల్సి వచ్చేలా చేయండి. మనసులో అనుకుని 'గుడ్' నొక్కేయడం ఆగుతుంది.

ప్రశ్న: వారాంతాల్లో మా పిల్లలకు తెలుగు నేర్పుతున్నాను. క్విజ్‌లో 'బస్' అని పాప సరిగ్గానే కొట్టింది, తప్పంటోంది. కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి. – ఒక తల్లి, డాలస్

కంటికి కనిపించనిదే అక్కడుంది. పొల్లు తర్వాత కొన్ని తెలుగు కీబోర్డులు ఒక అదృశ్య అక్షరాన్ని చేరుస్తాయి. 'డాలస్‌లో' అన్నప్పుడు సకారానికి లావొత్తు పడకుండా ఆపేది అదే. మాట చివర ఉంటే రూపంలో ఏ తేడా రాదు, కంప్యూటర్‌కు మాత్రం అది వేరే మాట. కాబట్టి కీలో రెండు రకాలూ పెట్టండి. పాప వాడే కీబోర్డులోనే జవాబు కొట్టి, దాన్నే కీలోకి కాపీ చేస్తే ఇంకా తేలిక. 'కి', 'కు' రెండూ ఒప్పుకోండి. పెద్దవాళ్లమే ఇష్టమొచ్చినట్టు వాడుతున్నాం!

ఇంకొకటి, ఇంగ్లిష్‌లోలా మాట చివర మాత్రం ఖాళీ పెట్టకండి. 'ఇంట్లో'లో 'లో' తీసేస్తే 'ఇంట్' అని మొండెం మిగులుతుంది, ఒత్తు చెదిరిపోతుంది. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, యూనికోడ్‌కు ఆరు. సగానికి కోసే టూల్ ఎక్కడ కోస్తుందో దానికే తెలియదు. మాట మొత్తం తీసేసి మూలరూపం బ్రాకెట్లో ఇవ్వండి: 'అమ్మ ___ (ఇల్లు) ఉంది'. పాప 'ఇల్లులో' అని రాస్తే, రేపటి పాఠం ఏమిటో మీకు తెలిసిపోతుంది.