అయిదు వైనరీలు వద్దు, రెండు చాలు

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు పుణెలో ఉంటారు. ఫిబ్రవరిలో వస్తే నాసిక్ తీసుకెళ్లి వైనరీలు చూపిస్తానని, వైన్ రుచి చూద్దురుగాని అని అల్లుడు పిలుస్తున్నాడు. ఒక్క రోజులో అయిదు వైనరీలట. కారు తనే నడుపుతాడట. మా ఆవిడ ఆ వాసనే భరించలేదు. త్రయంబకేశ్వరం చూపిస్తేనే వస్తానంటోంది. నేను పెళ్లిళ్లలో ఎప్పుడైనా ఒక పెగ్గు తీసుకున్నవాడినే తప్ప వైన్ సంగతి తెలియదు. షుగరు మాత్రలు వాడుతున్నాను. ఈ ప్రయాణం ఎలా పెట్టుకోమంటారు?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మీ అల్లుడి ఉత్సాహం మెచ్చుకోదగ్గదే కానీ, ఆ అయిదింటిలో మూడు పేర్లు ఇప్పుడే కొట్టేయమనండి. తోట చూసి, లోపల ట్యాంకులు చూసి, నాలుగైదు రకాలు రుచి చూసి బయటపడేసరికి ఒక్కో చోట రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి. మూడో చోటికి వెళ్లేసరికి నాలుక మొద్దుబారుతుంది. నాలుగో చోట ఏది పోసినా బాగుందనే అంటారు. దాన్ని రుచి చూడటం అనరు, తాగడం అంటారు. ఆ పనికి నాసిక్ దాకా పోవాలా? విజయనగరంలోనే బోలెడు వసతి ఉంది.

కారు విషయంలో మొహమాటం వద్దు. మీరు చెబితే అల్లుడు నొచ్చుకుంటాడనుకుంటే అమ్మాయి చేత చెప్పించండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే బండి నడపడం చట్టప్రకారం నేరం. ఆ ఒక్క రోజుకు డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోండి.

ఇక ఫిబ్రవరి అన్నాడు చూశారా, అక్కడ మాత్రం అతనికి నూటికి నూరు మార్కులు. యూరప్‌లో ద్రాక్ష కోతలు సెప్టెంబరు, అక్టోబరుల్లో అయితే, నాసిక్‌లో జనవరి నుంచి మార్చి దాకా. అక్కడి రైతులు తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. వేసవి మొదట్లో ఒకసారి కొత్త కొమ్మల కోసం, వానలు వెనకబట్టాక మరోసారి కాయ కోసం. అందుకే పండు చలికాలంలో పక్వానికి వస్తుంది. ఊరు సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉండటంతో రాత్రుళ్లు బాగా చల్లబడతాయి. ఆ చలే కాయలో పులుపు పూర్తిగా పోకుండా కాపాడుతుంది. పులుపు లేని వైన్ ఉత్త చప్పిడి.

తోటలో ఒక పని తప్పకుండా చేయండి. గంటస్తంభం దగ్గర బండిమీద అమ్మే పచ్చ ద్రాక్షను మనసులో పెట్టుకుని వెళితే అక్కడి కాయను చూసి పెదవి విరుస్తారు. చిన్న కాయ, మందపు తొక్క, లోపల గింజ. చూపించే మనిషిని అడిగి ఒక నల్ల కాయ నోట్లో వేసుకుని, మింగేయకుండా తొక్కా గింజా కలిపి నమలండి. ముందు మన బండి ద్రాక్షను మించిన తీపి తగులుతుంది. ఆ వెనకే నేరేడు పండు తిన్నట్టు నాలుక, చిగుళ్లు వగరుతో బిగుసుకుంటాయి. ఆ వగరును గుర్తుపెట్టుకుని లోపలికి నడవండి. రెడ్ వైన్‌కు రసాన్ని తొక్కలతో కలిపే పులియబెడతారు. రంగూ వగరూ అక్కడి నుంచే వస్తాయి. వైట్ వైన్‌కు ముందే పిండి, తొక్కలు తీసేసి రసం ఒక్కటే పులియబెడతారు. తర్వాత షిరాజ్ అనే రెడ్ వైన్ గ్లాసు మీ చేతికిచ్చినప్పుడు, తోటలో నమిలిన కాయ అందులో తెలుస్తుంది. చెర్రీ వాసన, పొగాకు వాసన అని వాళ్లు చెప్పేవి మీకు తగలకపోయినా నష్టం లేదు.

ముందు తెల్లవి, తర్వాత ఎర్రవి, చివర తియ్యనివి పోస్తారు. ఉమ్మడానికి ఒక పాత్ర కూడా ఉంటుంది. మనవాళ్లు మర్యాద కాదనుకుని మింగేస్తారు. వైన్‌తోనే బతికేవాళ్లంతా ఉమ్ముతారు, మీరూ నిస్సంకోచంగా ఉమ్మండి. సెంటు పూసుకోవద్దు. మీ ఆవిడ జడలో మల్లెలుంటే మీ గ్లాసులో వాసన మీకు అందదు, ఆ పూట పూలు వద్దని బతిమాలుకోండి. నాసిక్‌లో మిసళ్ అనే కారపు ఫలహారం ప్రసిద్ధి. అల్లుడు పొద్దున్నే తినిపిస్తానంటాడు. ఆ కారం నోట్లో ఉండగా ఏ రుచీ తెలియదు, మర్నాటికి వాయిదా వేయండి.

షుగరు సంగతి మీ డాక్టరును అడగకుండా బయల్దేరకండి. కొన్ని మాత్రలకు ఆల్కహాల్ తోడైతే షుగరు ఉన్నట్టుండి పడిపోతుంది. పరగడుపున అస్సలు వద్దు. తియ్యని వైన్ వచ్చినప్పుడు గ్లాసు అల్లుడి వైపు జరపండి.

కోణార్క్ ఎక్స్‌ప్రెస్ విజయనగరంలో ఎక్కితే పుణెలోనే దిగవచ్చు. అక్కడి నుంచి నాసిక్ రోడ్డు మార్గాన సుమారు 210 కిలోమీటర్లు. మొదటి రోజు మీ ఆవిడది: నాసిక్‌కు సుమారు 30 కిలోమీటర్లలో త్రయంబకేశ్వరం, గోదావరి పుట్టిన బ్రహ్మగిరి, సాయంత్రం పంచవటి. శివరాత్రి వారం మాత్రం తప్పించండి, దర్శనానికే రోజు చాలదు. రెండో రోజు పొద్దున గంగాపూర్ డ్యామ్ దగ్గరి సులా వైనరీ. 2000లో తమ తొలి వైన్ తెచ్చి నాసిక్‌కు ఈ పేరు తెచ్చిపెట్టింది వాళ్లే. పెద్ద సంస్థ, శని, ఆదివారాల్లో ముంబయి జనంతో కిటకిటలాడుతుంది. మంగళ, బుధవారాలు మేలు. భోజనం చేశాక ఇగత్‌పురి వైపు ముకణే జలాశయం దగ్గరున్న వలొనే వైనరీ. చిన్నది కాబట్టి తీరిగ్గా మాట్లాడతారు. రెండు చోట్లా ముందే ఫోను చేసి వేళ ఖరారు చేసుకోండి. మీ ఆవిడ రుచి చూడకుండా తోట, ట్యాంకులు మాత్రం చూస్తారని అప్పుడే చెప్పేయండి.

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో ఉన్నాడు. నాసిక్ దాకా ఎందుకు, నందికొండల దగ్గరే వైనరీ ఉందంటాడు. చూడదగ్గదేనా? వచ్చేటప్పుడు బంధువులకు నాలుగు సీసాలు తేవచ్చా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: చూడదగ్గదేనమ్మా. దొడ్డబళ్లాపుర దగ్గరి గ్రోవర్ వాళ్లది 1988లో మొదలైన సంస్థ, సులా కంటే ముందుది. మీరు ఆమదాలవలసలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బెంగళూరులో దిగుతారు. వైనరీకి ఒక పూట చాలు. నందికొండకు సూర్యోదయం చూసే జనం తెల్లవారుజామునే బారులు తీరతారు కనుక, ముందు వైనరీ చూసి కొండకు సాయంత్రం వెళ్లండి.

సీసాల విషయంలో తొందరపడకండి. పొరుగు రాష్ట్రాల నుంచి మద్యం తేవడంపై మన రాష్ట్రంలో ఆంక్షలున్నాయి. వైన్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. వెళ్లేముందే మీ ఊరి ఎక్సైజు కార్యాలయంలో అడగండి. బంధువులకైతే మైసూర్‌పాక్ తెండి, ఎవరూ ఆపరు.